నరసిమ్ములన్నకు నేను చెప్పిన అబద్ధం

"ఆంటీ, నాయన ఎల్లిపోనాడు."

నిన్న పొద్దున టోంగాట్ నుంచి నరసిమ్ములన్న కూతురు సరోజ ఫోన్. ఆ పిల్లకి వచ్చిన తెలుగంతా కలిపితే యాభై మాటలు ఉంటాయేమో. అందులో ఈ మాట కూడా ఉందని నిన్నే తెలిసింది.

 

మీలో చాలామందికి నరసిమ్ములన్న తెలియదు. ఇక్కడికి, సౌతాఫ్రికా చెరుకు తోటలకి, కూలీలుగా వచ్చిన మనవాళ్ల మునిమనవడు. స్కూల్లో ఇంగ్లీష్ టీచర్. రెండు నవలలు, మూడు కవితల పుస్తకాలు, రామభజనల మీద ఒక చిన్న పుస్తకం. అన్నీ ఇంగ్లీషులోనే.

భజనల పుస్తకం టోంగాట్‌లో ప్రతి తెలుగింట్లో దీపం పక్కనే ఉంటుంది. రెండో నవల మాత్రం ఎవరింట్లోనూ కనపడదు. ఎందుకో చెప్తాను.

మేం బొబ్బిలి వైపు నుంచి టోంగాట్‌కి వచ్చింది, అన్ని రంగుల వాళ్లూ కలిసి ఓటేసిన మొదటి ఎన్నికలైన రెండేళ్లకి. మా ఆయన మిల్లులో ఇంజనీరు, నేను మాథ్స్ టీచర్. వచ్చిన వారానికే అన్న మా గేటు దగ్గర హారన్ కొట్టాడు. కారులో వాళ్లమ్మ.

"చెల్లీ, కొంచెం తెలుగు మాటాడు. అమ్మ వినాల. షాపింగ్ లిస్ట్ ఐనా ఓకే."

నేను నిజంగానే కందిపప్పు, చింతపండు, ఆవాలు అని చదివాను. ఆ ముసలావిడ కళ్లు తుడుచుకుంటూ నా చెయ్యి వదల్లేదు.

ఆ రోజు నుంచి నేను వాళ్లకి "ఒరిజినల్ సైడ్" మనిషిని. అసలు ఊళ్లనుంచి వచ్చినదాన్ని కాబట్టి నేనేమంటే అదే రైటు. నాకూ బాగానే ఉండేది, దాచుకోవడం ఎందుకు.

గుడి కమిటీలో సెక్రటరీని కూడా చేసేశారు.

ఆ గుడి వంటగదిలో, తలుపు వెనక మేకుకి ఒక ఎనామెల్ మగ్గు వేలాడేది. గిన్నెలు తోమే ఇక్కడి నల్లావిడ, జూలూ ఆవిడకి టీ అందులోనే. మిగతా కప్పుల్లో కలిపేవాళ్లు కాదు.

చూడగానే నాకు అర్థమైపోయింది. మా నాయనమ్మ ఇంట్లో పాలేరు గ్లాసు చూరులో దోపి ఉండేది. నేనే ఎన్నిసార్లో, చెయ్యి తగలకుండా, పైనుంచి అందులో మజ్జిగ పోశాను.

ఎవరితోనూ ఏమీ అనలేదు.

ఆ ఏడాదే అన్న రెండో నవల వచ్చింది. "నోమ్సాస్ మగ్". అందులో నోమ్సా అనే జూలూ ఆవిడ ఒక తెలుగింట్లో పాతికేళ్లు పనిచేస్తుంది. ఆ ఇంటి పిల్లలకంటే బాగా భజనలు పాడుతుంది. చచ్చేదాకా టీ మాత్రం వేరే మగ్గులోనే తాగుతుంది. అంతే కథ. విలన్ ఎవరూ లేరు. అందుకే అందరికీ ఒళ్లు మండింది.

మీటింగ్‌లో చైర్మన్ బల్ల గుద్దాడు. "కంట్రీ ఇప్పుడే మారింది. మనం ఎక్కడ నిలబడతామో తెల్దు. ఇప్పుడే రాయాలా ఇది? వాట్ నాన్సెన్స్, మ్యాన్!"

ఆయన భయం ఉత్తిదే అనను. నల్లవాళ్ల చేతికి అధికారం వచ్చిన ఆ రోజుల్లో మనవాళ్లందరికీ ఆ భయం ఉండేది.

శనివారాలు గుడిలో రామాయణం చెప్పడం ఇక ఆపేయమని అన్నకి లెటర్ పంపాం. టైప్ చేసింది నేనే. సంతకమూ నాదే.

తర్వాతి వారం కూరగాయల మార్కెట్‌లో ఎదురుపడ్డాడు. నాకు మొహం చెల్లలేదు. ఆయనే నవ్వి, ఎలా ఉన్నావని ఇక్కడివాళ్ల తీరులో పలకరించాడు.

"వాట్ కైండ్, చెల్లీ? లెటర్ ఫస్ట్ క్లాస్. నా స్టూడెంట్స్ ఎవళ్లూ అలా రాయలేదు."

తర్వాత గొంతు తగ్గించాడు.

"ఒకటే అడుగుతా. మీ ఊర్లో ఉందా ఇది, సెపరేట్ మగ్? మా తాతలు అక్కడ్నించి తెచ్చినారా, ఇక్కడ వైట్ మ్యాన్ దగ్గర నేర్చినారా? నాకు తెలియాల."

చేతిలో బెండకాయలు. చుట్టూ జనం. ఒరిజినల్ సైడ్ మనిషిని కదా!

"ఛ, మా ఊళ్లో అలాంటివి లేవన్నా," అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. అది నేను మర్చిపోలేను.

మరుసటి ఏడాది కొత్త కవితల పుస్తకం. అందులో పెద్ద కవిత అదే. మన పాత ఊళ్లలో అందరం ఒకే కుండ నీళ్లు తాగామట. సముద్రం దాటాకే ఈ పాడుబుద్ధి అంటుకుందట.

గుడివాళ్లకి తెగ నచ్చేసింది. తప్పు మనది కాదని ఇంత అందంగా చెబితే ఎవరికి నచ్చదు? శాలువా కప్పారు. రామాయణం క్లాస్ మళ్లీ మొదలైంది. కవిత ఫ్రేమ్ కట్టి హాల్లో పెట్టారు. వంటగదిలో మగ్గు ఇంకా చాలా ఏళ్లు అక్కడే ఉంది.

పుస్తకం మొదటి పేజీలో అంకితం: నాకు నిజం చెప్పిన చెల్లికి.

చెబుదామనే అనుకున్నాను, ఎన్నిసార్లో. మేం పోర్ట్ షెప్‌స్టోన్‌కి మారాక, ఈసారి వెళ్లినప్పుడు చెబుదాంలే అనుకున్నాను. వెళ్లాను, భోంచేశాను, వచ్చేశాను. ఏం మనిషిని నేను!

ఇవాళ సరోజ మళ్లీ ఫోన్ చేసింది. రేపు క్రిమటోరియంలో ఆ కవిత నేనే చదవాలట.

"నాయన ఫేవరెట్ ఆంటీ. యూ మస్ట్ రీడ్."

ఇక ఆపుకోలేకపోయాను. ఏడుస్తూ మొత్తం చెప్పేశాను.



"సో నాయనకి తెల్దు? లాస్ట్ వరకు తెల్దు?"

"తెలీదమ్మా."

"హీ బిలీవ్డ్ యూ, ఆంటీ."

ఫోన్ పెట్టేసింది. ఇంతవరకూ మళ్లీ చేయలేదు. రేపు రమ్మంటుందో వద్దంటుందో తెలియదు. రమ్మంటే ఆ మైకు ముందు ఇదే చెప్తాను. వద్దంటుందేమోనని ఇక్కడ రాసేస్తున్నాను. కమిటీవాళ్లు తిట్టుకుంటే తిట్టుకోనీ.

నరసిమ్ములన్నా, మీ తాతలు అక్కడ ఆ వేరే గ్లాసులో పోసినవాళ్లో, తాగినవాళ్లో నాకు తెలియదు.

కానీ ఉందన్నా. మా ఊళ్లో ఉంది. మా ఇంట్లోనే ఉంది.

వెళ్లిరా అన్నా. నీ మనసుకి శాంతి దొరకాలి.