చెరువు మీద మా ఊరి బాతులు

నేను కాపురానికి వచ్చిన ఊరు వనపర్తికీ కొత్తకోటకూ నడుమ, బండిబాటకు కాస్త లోపలికి ఉండేది. నా పుట్టిల్లు రాజోలి దగ్గర, తుంగభద్ర ఒడ్డున. రెంటికీ మధ్య కృష్ణ. వానలు గట్టిగా పడి కృష్ణ నిండుగా పారితే ఏరు దాటించే పుట్టి వేసేవాళ్ళు కాదు. నేను వచ్చిన మొదటి ఏడు అట్లాగే అయింది. బతుకమ్మ పండుగకు నన్ను తీసుకుపోవడానికి మా వాళ్ళెవరూ రాలేకపోయారు. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. పండుగ తొమ్మిది రోజులూ జొన్నల గరిసె వెనక కూచుని ఏడ్చాను. ఎవరూ చూడలేదనుకున్నాను.

మా మామ ఆ ఊరి చెరువుకు నీరటి. తూము తీయడం, మూయడం, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు పోవాలో చూడడం, కట్టకు గండి పడకుండా కాయడం ఆయన పని. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. నీళ్ళలో నాని నాని మోకాళ్ళ కింద చర్మం బూడిద రాసినట్టు ఉండేది. ఇంట్లో ఆయన మాట్లాడేదే తక్కువ. కోడలితో మామ మాట్లాడడం ఆ రోజుల్లో ఇంకా తక్కువ. అందుకని దీపావళి వెళ్ళిన ఐదారు రోజులకు, ఒక పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే ఆయన వచ్చి పిలిచేసరికి భయపడ్డాను.

"బిడ్డా, చీపురు ఆడ పెట్టి జర కట్టమీదికి రా."

లోపలి నుంచి మా అత్త అడిగింది. "కోడలితోని కట్టమీద ఏం పనుంది?"

"ఒకటి చూపియ్యాలె. నువ్వు గూడ రా."

అత్త రాలేదు. నేను కొంగు నిండా కప్పుకొని ఆయన వెనక నడిచాను. కట్ట ఎక్కి చూస్తే చెరువు ఆ చివర, నీళ్ళు పలచబడ్డ చోట, బురద మీద పెద్ద బాతులు. బూడిదరంగు ఒళ్ళు, తెల్లటి తల, తల వెనక రెండు నల్ల గీతలు. వందకు పైగా ఉంటాయి. కొన్ని మెడ రెక్కలో దోపుకొని నిద్రపోతున్నాయి.

"మీ రాజోలి దిక్కు ఇవి ఉంటయా?" అన్నాడు మామ.

"ఉంటయి మామా. ఏటి ఇసుక మీద పండుకుంటయి. పొద్దుగూకినంక శెనగచేన్లల్ల పడి మేస్తయి. మా నాయిన డబ్బా కొట్టి ఎల్లగొడ్తడు."

"నేను గదే అనుకున్న. మీ ఊరి బాతులే. కృష్ణ దాటి నీకోసం వచ్చినయి చూడు. పుట్టి గూడ అడగలే."

నేను నవ్వాను. ఆ ఊళ్ళో పైకి వినబడేటట్టు నవ్వడం అదే మొదలు.

అప్పటి నుంచి రెండేళ్ళు, వానలు వెనకబట్టాక ఏ పిట్ట వచ్చినా మామ నాకు చెప్పేవాడు. దసరాకు ముందే, తోక ఆడించుకుంటూ కట్టమీద ఉరికే తెల్ల పిట్ట వచ్చేది. దాని వెనక బురదలో ముక్కు గుచ్చి తినే పొడుగు కాళ్ళ పిట్టలు. తర్వాత కంటి మీద తెల్ల గీత ఉన్న చిన్న బాతులు. ఆ తర్వాత ఎర్రతల బాతులు. అవి మునిగితే ఎక్కడ తేలుతాయో పందెం వేసినా చెప్పలేం, మామ ఒక్కడే చెప్పేవాడు. అన్నిటికీ ఆఖరున ఈ గీతల బాతులు. ఇవన్నీ ఎక్కడి నుంచి వస్తాయని ఒకసారి అడిగాను.

"తెల్వదు బిడ్డా. ఉత్తరం దిక్కు అని మా నాయిన చెప్పిండు. ఆయనకు ఎవలు చెప్పిండ్రో."

ఆయనకు ఇష్టం లేని సంగతి ఒకటుండేది. గీతల బాతులు దిగిన రోజే ఊరి దొర ఉండే గడికి కబురు చెప్పాలి. దొర తన చుట్టాలనూ, పట్నం నుంచి వచ్చే దోస్తులనూ పిలిచి వేట పెట్టేవాడు. తుపాకి దెబ్బ తిని నీళ్ళలో పడ్డ పిట్టల్ని ఈదిపోయి తేవడం నీరటి వంతు. అది వెట్టి. రానని అనడానికి లేదు. పిట్టల్ని మెడలు కట్టి కర్రకు వేలాడదీసి గడికి మోసి వచ్చిన రోజున మామ అన్నం ముట్టేవాడు కాదు. అత్త కూడా తినమని అనేది కాదు.

మూడో ఏడు దసరా నుంచీ మామకు జ్వరం. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. దగ్గితే డొక్కలు ఎగిరేవి. మా ఆయన దొర వడ్ల బండి తోలుకొని గద్వాలకు పోయి ఉన్నాడు. అదీ వెట్టే. ఆ రోజుల్లోనే ఒక పొద్దున మామ గొంగడి కప్పుకొని కట్టమీదికి పోయి వచ్చి, మా ఇద్దరినీ దగ్గరికి పిలిచాడు.

"బాతులొచ్చినయి. ఇప్పుడే ఎవలకూ చెప్పకుండ్రి. ఈ జ్వరం జర తగ్గనీ. నాలుగు దినాలైతే నేనే కబురు పెడ్త."

అత్త సరేనంది. నేనూ తల ఊపాను.

మర్నాడు మంచినీళ్ళ బావి దగ్గర, గడిలో అంట్లు తోమే పిల్ల కలిసింది. నా ఈడుదే. దాని పుట్టిల్లు గద్వాల పక్క పల్లె. ఊళ్ళో నాకున్న స్నేహం అదొక్కతే. నా మొహం చూసి, "ఏందే, గింత సంబురంగున్నవు? మీ ఇంటోళ్ళు గిట వస్తుండ్రా?" అంది.

"మా ఊరి బాతులొచ్చినయి," అన్నాను.

అన్న తర్వాత గాని ఏమన్నానో తెలియలేదు. "ఎవలకూ చెప్పకే, నీ కాల్మొక్త," అన్నాను. "నేనెందుకు చెప్త?" అని కడవ ఎత్తుకొని పోయింది. అది చెప్పిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. మూడో రోజు తెల్లవారుతూనే గడి మనిషి మా వాకిట్లో నిలబడ్డాడు.

"నీరటోడా, బాతులొచ్చినయంట గద. కబురేది?"

"జ్వరమొచ్చింది అయ్యా," అన్నాడు మామ, గొంగడిలో నుంచే.

"జ్వరం నీకొచ్చింది. బాతులకు రాలే. లెవ్వు."

అత్త ఆ మనిషి కాళ్ళ దగ్గర కూచుంది. కొడుకు ఊళ్ళో లేడని, తానే నీళ్ళలోకి దిగుతానని బతిమాలింది. మామ లేచి రుమాలు తలకు చుట్టుకొని, "నీకు ఈత రాదు. లోపలికి పో," అన్నాడు. నా వైపు చూడలేదు.

ఇంటి దగ్గరే ఉండమన్నా వినక మేము కట్ట కింద తుమ్మచెట్ల చాటున నిలబడ్డాం. నీళ్ళ మీద ఇంకా పొగమంచు ఉంది. దొర, ఆయన అతిథుల తుపాకులు పేలగానే బాతులన్నీ ఒక్కసారి లేచాయి. వాటి అరుపులకు పక్కనున్న అత్త ఏమంటోందో నాకు వినబడలేదు. పడ్డవాటిని మామ ఒక్కొక్కటే తెచ్చి కట్టమీద పెట్టాడు. ఒకటి రెక్క విరిగి, చెరువు నడుమ తుంగలోకి ఈదిపోయింది. అతిథుల్లో ఒకాయనకు అదే కావాలి. మామ రెండుసార్లు పోయి ఉత్తచేతులతో వచ్చాడు. మూడోసారి పట్టుకొచ్చాడు. ఆ తర్వాత కూడా ఆయనను ఇంటికి పొమ్మనలేదు. పిట్టలు మళ్ళీ వచ్చి వాలుతాయని, వాళ్ళు తెచ్చుకున్నది తింటూ కూచున్నారు. తడిసిన గోచీతో ఆయన నెత్తి మీదికి ఎండ వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు.

ఇంటికి వచ్చాక కుంపటి పెట్టినా, మిరియాల కషాయం పోసినా వణుకు ఆగలేదు. మర్నాటికి ఊపిరి తీస్తే డొక్కలో పోటు. అత్త పసరు కోసం మందులు తెలిసిన ముసలమ్మ ఇంటికి పోయింది. నేనొక్కదాన్నే ఆయన దగ్గర ఉన్నాను. ఇక ఆగలేకపోయాను.

"మామా, బాతులొచ్చినయని నేనే చెప్పిన. బావికాడ."

ఆయన కళ్ళు తెరవలేదు.

"అవి ఒర్లుకుంట వస్తయి బిడ్డా," అన్నాడు. "ఊరంత ఇంటది. నువ్వు చెప్పుడేంది?"

నేను ఏడుస్తుంటే నా తల మీద చెయ్యి పెట్టాడు. చెయ్యి కాలిపోతోంది. కాసేపటికి మళ్ళీ అన్నాడు. "మీ అత్తకు మాత్రం చెప్పకు."

ఆ రెండో మాట అనకపోతే మొదటి మాట నేను నమ్మేదాన్నేమో.

మరో రెండు రోజులకు మా ఆయన బండితో వచ్చాడు. ఎద్దుల మెడల మీది కాడి దించకుండానే గడ్డి పరిచి, మామను పడుకోబెట్టి వనపర్తి దవాఖానకు తోలాడు. అత్త ఆయన తలను ఒడిలో పెట్టుకొని కూచుంది. పొద్దు వాలే వేళకు బండి తిరిగి వచ్చింది. అది వచ్చే నెమ్మదిని బట్టే నాకు తెలిసిపోయింది. దవాఖాన ఇంకా కోసెడు దూరం ఉందనగా పోయాడట.

దినాలు కాకముందే నీరటి పని మా ఆయన మీద పడింది. మరుసటేడు బాతులు దిగిన రోజే గడికి కబురు పోయింది. ఆ తర్వాత కూడా అంతే. నేను కట్ట ఎక్కలేదు. కొన్నేళ్ళకు ఊళ్ళలో దొరల మీద గొడవలు ముదిరి మా దొర పట్నం పోయాడు. పోలీసు చర్య అయింది. తుపాకులు ఆగాయి. కబురు పెట్టడానికి ఎవరూ లేని మొదటి ఏడు, బాతులు ఊరి దాకా వచ్చి మళ్ళలో మేశాయి. జనం వాకిళ్ళలో నిలబడి చూశారు.

ఆ ఏడే అత్తకు చెప్పాను. ఆమె చాటలో జొన్నలు పోసుకొని రాళ్ళు ఏరుతోంది. నా రెండో బిడ్డ పక్కన పాకుతోంది. ఎందుకు ఆ రోజే చెప్పానో తెలియదు. ఏడేళ్ళు మోసినదాన్ని ఇంకొన్నేళ్ళు మోయలేకపోయేదాన్నా?

అత్త చెయ్యి ఆగింది.

"ఆయనకు ఎరికేనా?"

"ఎరికె. నేనే చెప్పిన."

"ఏమన్నడు?"

"నీకు చెప్పొద్దన్నడు."

ఆమె చేతిలోని రాయిని పక్కన పడేసింది.

"మరి ఎందుకు చెప్పినవు?" అంది.

ఆమె మళ్ళీ రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత అత్త పదకొండేళ్ళు బతికింది. నన్ను ఒక్క మాట అనలేదు. నా పిల్లలకు నీళ్ళు పోసి, అన్నం పెట్టి పెంచింది ఆమే. నాకు కాన్పు కష్టమైనప్పుడు మూడు రోజులు నా మంచం పక్క నుంచి కదలలేదు. కానీ ఏటా ఆయన పోయిన ఆ వారం రోజులు మాత్రం నా చేతి వంట తినేది కాదు. పెరట్లో మూడు రాళ్ళు పెట్టుకొని, తన వరకు ఇంత సంగటి వండుకొని తినేది. పిల్లలు ఎందుకని అడిగితే ఒక్క పొద్దు అని చెప్పేది. నేను ఎన్నడూ అడగలేదు. ఆమె కోసం కట్టెలు ఏరుకొచ్చి ఆ రాళ్ళ దగ్గర పెట్టి లోపలికి పోయేదాన్ని.