చేతులు మారిన చీటీ

నాకు మాట పోయిందని తెలియగానే జనం నాతో అరిచి మాట్లాడటం మొదలుపెట్టారు. పోయింది గొంతు, చెవులు కాదు మహానుభావులారా అందామంటే అనే దారి లేదు. అందుకే నా జేబు పుస్తకంలో మొదటి పేజీ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకున్నాను: "గొంతు ఆపరేషన్ అయింది. మాట రాదు. చెవులు బాగానే ఉన్నాయి. అరవకండి." అది చదివాక కూడా కొందరు నా చెవి దగ్గరికొచ్చి "అచ్ఛా! అచ్ఛా!" అని అరుస్తారు.

ఆ పుస్తకం ఉండేది నడుముకు తగిలించుకున్న ఒక తోలుసంచిలో. సిటీబస్సు కండక్టరుగా చేరిన కొత్తలో, చిల్లర విడిగా పెట్టుకోవడానికి అఫ్జల్‌గంజ్‌లో కొన్నాను. ఉద్యోగం దిగిపోయేటప్పుడు డిపో వాళ్ల సంచి వాళ్లకు అప్పగించాను గానీ, ఇది నా సొంతం కాబట్టి నాతో వచ్చింది. పట్టీ తెగినప్పుడల్లా మోచీ దగ్గర కుట్టించాను. గుండీ ఊడిపోతే దాని జాగాలో బూటు లేసు కట్టాను. ఇన్నేళ్ల చెమటకు తోలు నల్లబడి, నా తొడ ఒంపుకు తగ్గట్టు వంగిపోయింది. ఇప్పుడు అందులో చిల్లర లేదు. జేబు పుస్తకం, రెండు పెన్నులు, అవి మొరాయిస్తే ఒక పెన్సిల్ ముక్క, మెడ కింద చిల్లు మీద కప్పుకునే గుడ్డ ఇంకొకటి ఉంటాయి. నేను ఊపిరి తీసుకునేది ఆ చిల్లులోంచే. ముక్కూ నోరూ ముఖానికి అలంకారంగా మిగిలాయి.

నోరున్నవాడిదే రాజ్యం అంటారు. ఆ రాజ్యం నేను చాలా ఏళ్లు ఏలాను. ఫుట్‌బోర్డు మీద వేలాడే కాలేజీ పిల్లల్ని లోపలికి తోలినా, తాగి ఎక్కినవాణ్ణి దింపినా, వెనక తలుపు దగ్గర నిలబడి ఒక్క కేకేస్తే డ్రైవరు బ్రేకు మీద కాలేసినా, అన్నీ గొంతుతోనే. కోపం ముక్కు మీదుండే మనిషిని. ఇప్పుడు కోపమొస్తే ముందు సంచి లేసు విప్పాలి, పుస్తకం తీయాలి, కళ్లద్దాలు వెతకాలి, పెన్ను మూత పీకాలి. అప్పటికి అవతలివాడు వీధి మలుపు తిరిగి ఉంటాడు. రాసిన తిట్టు చేతిలో పట్టుకుని నిలబడటమంత నామర్దా ఇంకొకటి లేదు.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటి ఉంది. కిషన్‌బాగ్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. ఇంట్లో తెలుగెంతో గల్లీలో ఉర్దూ అంత. పాన్‌డబ్బా దోస్తుతో, కోళ్ల షాపాయనతో, ఆటోల వాళ్లతో బతుకంతా వాళ్ల మాటలోనే నవ్వాను, తిట్టుకున్నాను, బేరమాడాను. కానీ ఆ భాష రాయడం నాకు రాదు. ఒక్క అక్షరం కూడా నేర్చుకోలేదు. నా ఉర్దూ అంతా నోట్లోనే ఉండేది, నోటితోపాటే పోయింది. ఆపరేషన్ అయ్యాక మొదటిసారి పాన్‌డబ్బా దగ్గరికి పోయి, ఉర్దూ మాటలే తెలుగు అక్షరాల్లో రాసి ఇచ్చాను. నా దోస్తు దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే నవ్వాడు. "భాభీకో బులావ్ యార్," అన్నాడు. మీ ఆవిడను పిలువు, ఆమె చదివి చెబుతుంది అని.

అలా నా గొంతు నా భార్యకు బదిలీ అయింది. మాకు పిల్లలు లేరు. చీటీ రాసి ఆమెకిస్తాను, ఆమె చదివి ఉర్దూలోనో తెలుగులోనో చెబుతుంది. దుకాణానికైనా, దవాఖానకైనా, కరెంటు ఆఫీసుకైనా ఆమె పక్కన ఉంటేనే నేను మనిషిని. లేకపోతే చేతులూపుకుంటూ తిరిగే ఎవరో ముసలాయన. ఒక మేనల్లుడు ఫోన్‌లో ఏదో పెట్టిచ్చాడు, రాస్తే అదే మాట్లాడుతుందట. స్టేషన్‌లో రైలు ఆలస్యమని చెప్పే గొంతులా మాట్లాడింది. ఆ గొంతుతో నా పెళ్లాన్ని పిలవడం నాకు ఇష్టం లేక తీసేయించాను. ఆమెకు ఏమైనా అయితే నా గతేంటి అన్న ఆలోచన అప్పుడప్పుడూ వచ్చేది. వెంటనే తోసేసేవాణ్ణి. భయంగా ఉండేది, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

ఆ రోజు శనివారం. అఫ్జల్‌గంజ్ దగ్గరున్న పెద్ద దవాఖానలో నా గొంతు చూపించుకోవాలి. నా ఆపరేషన్ నుంచి ఆమె శనివారాలు ఒక్కపొద్దు ఉంటోంది. ఆమెకు షుగరు. పొద్దున గోలీ వేసుకుని, ఏమీ తినకుండా చీర కట్టుకుంటుంటే, "తినకపోతే గోలీ ఎందుకు వేసుకున్నావు?" అని రాసి చూపించాను.

"ఒక్క పూటకు ఏం గాదు. నువ్వు నడువు, లైన్ల నిలవడాలె," అంది.

బస్సు కిక్కిరిసి ఉంది. ఆడవాళ్లు ముందు, మగవాళ్లు వెనక. ఆమెకు ముందు కిటికీ పక్కన సీటు దొరికింది. నేను వెనక తలుపు దగ్గర, నా పాత జాగాలోనే, కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. పురానాపూల్ దగ్గర ట్రాఫిక్‌లో బస్సు నిలుస్తూ కదులుతూ పోతోంది. మనుషుల సందుల్లోంచి ఆమె ఆకుపచ్చ చీర, జడ కొప్పు కనిపిస్తున్నాయి. బస్సు గుంతలో పడింది. ఆమె తల కిటికీ ఊచకు కొట్టుకుంది. మళ్లీ పడింది, మళ్లీ కొట్టుకుంది. బస్సులో నిద్రపోయేవాళ్లను నేను చూసినంత ఎవరూ చూసి ఉండరు. తల తగిలితే ఉలిక్కిపడి సర్దుకుంటారు, చుట్టూ చూసి మళ్లీ పడుకుంటారు. ఆమె తల ఎత్తలేదు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. నోరు తెరిచి ఆమెను పేరుపెట్టి పిలిచాను. మెడ దగ్గర గుడ్డ పైకి లేచి పడింది, అంతే. పక్కవాడు కూడా తిరిగి చూడలేదు.

ఈల వేద్దామని వేళ్లు నోట్లో పెట్టుకున్నాను. కండక్టరు బుద్ధి! ఊపిరి మెడలోంచి పోయేవాడికి ఈల ఎక్కడిది? లేసు విప్పాను. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, పుస్తకాన్ని ఎవరిదో వీపుకు ఆనించి రాశాను: "ముందు కిటికీ దగ్గర ఆకుపచ్చ చీర ఆమె నా భార్య. స్పృహ తప్పింది. బస్సు ఆపండి." ఆ పేజీ చింపి, మడిచి, నా ముందున్న ఆయన చేతిలో పెట్టి, ముందుకు పంపమని సైగ చేశాను.

మా ఊరి బస్సులో అది మామూలే. గుంపులో కదల్లేనివాడు టికెట్ పైసలు ముందువాడికిస్తాడు, అవి చేతులు మారి మారి కండక్టరును చేరతాయి, టికెట్ అదే దారిలో తిరిగొస్తుంది. చేతిలోకి ఏం వచ్చిందో ఎవరూ చూడరు, ముందుకు పంపడమే. నా చీటీ తలల మీదుగా పోవడం చూస్తున్నాను. ఒక గాజుల చేయి అందుకుంది, ఒక ముడతల చేయి అందుకుంది, చివరకు నడిమధ్యలో ఇరుక్కున్న కండక్టరమ్మను చేరింది. నా బతుకులో దేన్నీ అంత ఆశగా చూడలేదు. ఆమె టికెట్ మిషన్ నుంచి తల ఎత్తకుండానే దాన్ని వేళ్లతో తడిమింది. నోటు కాదని తెలిసి విప్పకుండానే వెనక్కి ఇచ్చేసింది. అన్ని చేతులూ మళ్లీ మారి అది నా దగ్గరికే వచ్చింది.

"ఓ చాచా! పైసే కే బదల్ కాగజ్ భేజే తుమ్!" అన్నాడు ముందున్న ఆయన. పైసలకు బదులు కాగితం పంపావని. నలుగురూ నవ్వారు.

ఆ నవ్వు ఇప్పటికీ నాకు వినపడుతుంది. వాళ్ల తప్పేం లేదు, నాకూ తెలుసు. అయినా ఆ క్షణంలో ఆ బస్సును, అందులో అందరినీ, నా చేతిలోని పుస్తకాన్ని తగలబెట్టాలనిపించింది.

చీటీ విప్పి పక్కనున్న కుర్రాడి ముఖం మీద పెట్టాను. పాపం, శ్రద్ధగానే చూశాడు. "తెలుగూ పడ్నా నై ఆతా చాచా," అన్నాడు. నేను ముందుకు చూపిస్తూ చేతులూపుతుంటే, దిగాలనుకుంటున్నానని అర్థం చేసుకుని, భుజం తట్టి, "ఆగే స్టాప్ హై, ఫికర్ నక్కో," అన్నాడు. ముందు స్టాపుంది, దిగులు పడకు అని.

బస్సు ట్రాఫిక్‌లో ఆగి ఉంది. ఇంకేం తోచక బస్సు రేకు మీద అరచేత్తో దబదబా బాదాను. ఒక్క దెబ్బ కొడితే ఆపమని, వరసగా కొడితే పోనిమ్మని. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? కంగారులో అదే మరిచిపోయాను. అన్నేళ్లు బాదిన చెయ్యి. డ్రైవరు ఆ చప్పుడు విన్నాడు, సందు చూసుకుని బస్సును ముందుకు దూకించాడు. ఆమె తల మళ్లీ ఊచకు కొట్టుకుంది.

ఇక మర్యాద వదిలేశాను. మోచేతులతో జనాన్ని తోసుకుంటూ ముందుకు పోయాను.

"ఏయ్, ఆడోళ్ల దిక్కు ఎందుకొస్తున్నవ్? సిగ్గు లేదా?" అని ఒకామె అరిచింది.

"ఏందన్నా నీ లొల్లి! మనిషివేనా?" అని ఒకతను నా కాలరు పట్టుకుని వెనక్కి గుంజాడు. గుంజితే పై గుండీ తెగింది, మెడ గుడ్డ ఊడిపోయింది. నా చిల్లు బయటపడింది. నేను రొప్పుతుంటే అది గురగురమంటోంది. అతను చెయ్యి వదిలేశాడు. ఎవరో "అల్లా!" అన్నారు. అద్దంలో నేనే చూసుకోని ఆ చిల్లును అందరికీ చూపిస్తూ నడిచాను. జనం రెండువైపులా ఒత్తుకుని దారి ఇచ్చారు.

ఆమె బుగ్గ పట్టుకున్నాను. చల్లటి చెమట. తల నా చేతిలోకి వాలిపోయింది. పక్క సీట్లో బురఖా వేసుకున్న పెద్దామె నన్నూ ఆమెనూ ఒక్కసారి చూసింది. ఏ చీటీ అడగలేదు.

"అరే, బేహోష్ హోగయీ! గాడీ రోకో! గాడీ రోకో డ్రైవర్!"

ఎంత గొంతు ఆమెది! బస్సు అక్కడికక్కడే ఆగింది. ఆమెకు దండం పెట్టాలనిపించింది, ఆ గొంతు విని ఏడుపూ వచ్చింది. తెలుగు చదవడం రాదన్న కుర్రాడే వెనకనుంచి దిగి పరిగెత్తుకొచ్చి, నా భార్యను కాళ్ల దగ్గర పట్టి, నాతోపాటు ఆటోలోకి ఎక్కించాడు.

దవాఖానలో డాక్టరు పిల్ల అడిగినవన్నీ రాసిచ్చాను. ఏం గోలీ వేసుకుంది, ఎప్పుడు తిన్నది, ఎప్పుడు పడిపోయింది. అక్షరాలు కోడి గీరినట్టు పడ్డాయి. "షుగర్ డౌన్ అయింది. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేది," అంటూ గ్లూకోజ్ ఎక్కించింది. నేను మంచం పక్కన నిలబడ్డాను. కూర్చోమన్నారు, కూర్చోలేదు. ఎప్పుడూ దేవుణ్ణి పెద్దగా అడిగినవాణ్ణి కాదు. ఆ వేళ మనసులో బతిమాలాను, తిట్టాను, మళ్లీ బతిమాలాను. ఈమె పోతే నేను ఈ ఊళ్లో నీళ్లు కూడా అడిగి తాగలేను. ఇంత స్వార్థంగా ఏడుస్తున్నానేమిటని సిగ్గేసింది. సిగ్గేసినా ఏడుపు ఆగలేదు. నా ఏడుపుకు చప్పుడు కూడా ఉండదు.

కొంతసేపటికి ఆమె కళ్లు తెరిచింది. పైకప్పు చూసింది, సూది గుచ్చిన చెయ్యి చూసింది, తెగిన నా గుండీ చూసింది.

"ఏమయ్యా, గట్ల జూస్తవేంది? నాకేం గాలే," అంది. నా ముఖం ఇంకా తేరుకోకపోయేసరికి నవ్వించాలనుకుందేమో, "అయినా గట్లనే పోయినా మంచిగుండు. పసుపుకుంకుమతోని పోతుంటి. గంత అదృష్టం ఎంతమందికి ఉంటది?" అంది.

మన ఆడవాళ్లు తేలిగ్గా అనే మాటే. మా అమ్మా అనేది. ఎన్నిసార్లు విన్నానో, ఏనాడూ పట్టించుకోలేదు. ఆ వేళ ఒళ్లు మండిపోయింది. పుస్తకం తీసి, కాగితం చిరిగేంత గట్టిగా రాశాను:

"నువ్వు నాకంటే ముందు పోవద్దు. నేను పోయినంక పో."

ఆమె ముఖం ముందు పట్టుకున్నాను. చదివింది. మళ్లీ చదివింది. ముత్తయిదువకు ఎవరూ చెప్పని మాట అది. బొట్టు లేకుండా, ఒంటరిగా, నలుగురు శుభకార్యానికి పిలవని మనిషిగా బతకమని అడగడం. పగవాడు కూడా అలా దీవించడు. గొంతు ఉండుంటే నేనూ అనేవాణ్ణి కాదు. రాశాక కొట్టేద్దామనుకుని కూడా కొట్టేయలేదు.

ఆమె నవ్వు పోయింది. ఎవరైనా విన్నారేమో అన్నట్టు పక్క మంచాల వైపు చూసింది. అలాంటి మాటకు పైకి ఒప్పుకోవడానికి ఆమెకు నోరు రాలేదు. సూది లేని చెయ్యి చాపి పెన్ను అడిగింది. నేను పుస్తకాన్ని నా అరచేతికి ఆనించి పట్టుకున్నాను. నా చీటీలు ఇన్ని చదివిన మనిషి ఆ పుస్తకంలో ఎప్పుడూ ఒక్క అక్షరం రాయలేదు. పడుకునే, వంకరటింకరగా, నా మాట కింద "సరే" అని రాసింది. పెన్ను నా చేతిలో పెట్టి గోడవైపు తిరిగి పడుకుంది.