రెండు నొక్కులు

పదమూడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోయలేక చెబుతున్నానని అనుకోకండి. ఎంత బరువైనా అలవాటైపోతుంది. నేను కోపమొచ్చి చెబుతున్నాను. ఎవరి మీద కోపమో చదువుతూ ఉంటే మీకే తెలుస్తుంది. నాకే ఇంకా సరిగ్గా తెలియదు.

పోయిన వారం సోమందేపల్లిలో ఒక పెళ్ళికి వెళ్లాను. భోజనాల బంతిలో నా పక్కన ఇద్దరు కూర్చున్నారు. ఇద్దరూ ఒకప్పుడు నాలాగే ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయించినవాళ్లు. పందిట్లో కంప్యూటర్‌లోంచి పాటలు మోగుతున్నాయి. ఇంకేం, మొదలుపెట్టారు. ఆ పాత కీబోర్డు పెట్టెల్లో ఫ్లూటు నొక్కితే ఊపిరి కూడా వినబడేదట. వయొలిన్ అని రాసి ఉన్న మీట నొక్కితే దోమ పాడినట్టుండేది, అయినా ఆ దోమ పాటే హాయిగా ఉండేదట. కరెంటు పోతే ఆరు పెద్ద సెల్లులు వేసుకుని వాయించిన రోజులు, సెల్లులు అయిపోవచ్చేకొద్దీ శబ్దం వణికే తీరు, ఒక్కొక్కటే తలుచుకుని మురిసిపోతున్నారు. నేనూ నవ్వుతూ వింటున్నాను. అంతలో ఒకాయన పప్పన్నం కలుపుతూ అన్నాడు: "ఇప్పుటివన్నీ దొంగ సౌండ్లప్పా. ఆ పెట్టెలకు అబద్ధం చెప్పేది తెల్దు."

విస్తరి ముందు నుంచి లేచాను. పాయసం వడ్డిస్తున్న మనిషి "ఏమప్పా, అప్పుడే లేస్తాండావు?" అన్నాడు. కడుపు నిండిందని చెప్పి బయటికొచ్చేశాను.

ఆ పెట్టెలకు అబద్ధం తెలియదా? నా పెట్టెకు నేనే నేర్పాను.

పేరు రాయను. ఊరు హిందూపురం అని మాత్రం చెబుతాను. అప్పట్లో పొద్దున టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి, సాయంత్రాలు ఆర్కెస్ట్రాలో వాయించేవాణ్ణి. కీబోర్డు తొంభైల మొదట్లో బెంగుళూరు వెళ్లి తెచ్చుకున్నది. ఇళ్లలో పిల్లలు నేర్చుకోవడానికి చేసిన రకం, స్టేజీల కోసం చేసింది కాదు. అరవై ఒక్క మెట్లు, రెండు పక్కలా స్పీకర్లు, మధ్యలో ఎర్రటి అంకెలు కనబడే చిన్న కిటికీ. డిస్కో అని ఉన్న మీట నొక్కితే దానంతటదే దరువు వేసేది. పెళ్ళిళ్లలో ముసలమ్మలు వంగి చూసి "లోపల ఎవురన్నా ఉండారేమి నాయనా?" అని అడిగేవాళ్లు. దాన్ని భుజానికి తగిలించుకుని పాసింజరు రైల్లో ధర్మవరం దాకా తిరిగాను. పెళ్ళాం కంటే దాన్నే భద్రంగా చూసుకున్నానని మా ఇంట్లో ఇప్పటికీ దెప్పుతారు. నిజమే, దెప్పనీ.

మా ఆర్కెస్ట్రాలో పాడే మనిషి నాగవేణి. పుట్టిల్లు హిందూపురంలో మా వెనక వీధి, మెట్టినిల్లు ధర్మవరంలో పట్టుచీరలు నేసే మగ్గాల ఇల్లు. నన్ను అన్నా అని పిలిచేది. పెళ్ళి తర్వాత కూడా పాడతానని పట్టుబట్టింది. అత్తగారు ఒక షరతు మీద ఒప్పుకుంది. పాటల్లో పేరొస్తే సరే, రాకపోతే నోరు మూసుకుని రాట్నం ముందు కూర్చుని మగ్గానికి పట్టుదారం కండెలు చుట్టాలి. అంతే, మధ్యలో ఇంకో దారి లేదు. ఆ ఇంటి కోడళ్లంతా అట్లాగే కండెలు చుట్టారు మరి.

ఆడపిల్ల పుట్టింది. అయిదో నెలలో మళ్లీ పాడటానికొచ్చింది. రిహార్సల్ మొదటి రోజే ఆమెకూ తెలిసింది, నాకూ తెలిసింది, పైస్వరాలు అందడం లేదని. మిగిలినవాళ్లు టీ తాగడానికి వెళ్లినప్పుడు నా దగ్గరికొచ్చి, "అన్నా, కొన్ని నెల్లు కొంచెం కిందికి దించు. ఎవురికీ చెప్పాకు" అంది.

దించడం ఎంతసేపు? ఆ పెట్టెకు ఒక మూలన రెండు చిన్న మీటలు ఉన్నాయి, ఒకటి శ్రుతి పెంచడానికి, ఒకటి దించడానికి. ఒక్కో నొక్కుకు ఒక్కో మెట్టు. నా వేళ్లు ఎప్పుడూ వాయించే మెట్ల మీదే వాయిస్తాయి, పాట మాత్రం పైనో కిందో పలుకుతుంది. చూసేవాడికి ఏమీ తెలియదు. మా బృందంలో శ్రుతి పలికేది నా పెట్టె ఒక్కటే, మిగిలినవన్నీ కొట్టే వాద్యాలు. కాబట్టి వినేవాడికీ తెలియదు. ప్రతి కార్యక్రమానికి ముందు కిందికి దించే మీట రెండు సార్లు నొక్కేవాణ్ణి. ఆమె నా వైపు ఒకసారి చూసేది. నేను తలూపేవాణ్ణి. ఇక ఆమె ధైర్యంగా గొంతు విప్పేది. మూడు నెలలు అట్లా గడిచాయి. ఆ మూడు నెలలు నేను మంచివాణ్ణి. ఇది కూడా రాసుకోనివ్వండి, నా వైపు చెప్పుకోవడానికి ఇంతకు మించి ఏమీ లేదు.

తర్వాత పెనుకొండ. వినాయకచవితి పందిరి, దీపాలు పెట్టే వేళ. బెంగుళూరులో పెద్ద ఆర్కెస్ట్రా నడిపే ఒకాయన నాగవేణి పాట వినడానికే వచ్చాడు. నచ్చితే తన బృందంలోకి తీసుకుంటాడు. అత్తగారు అడిగిన 'పేరు' అదే. ఆమె చంటిపిల్లను ఎత్తుకుని తనే వచ్చింది, కోడలికి పేరు ఎట్లా వస్తుందో కళ్లతో చూడాలని. నేను స్టేజీ వెనక పరదా చాటున వైర్లు కలుపుతున్నాను. అవతల ఆయన అడుగుతున్నాడు, కీబోర్డాయన కూడా నీతో వస్తాడా అని. నాగవేణి నవ్వింది. "ఆయప్ప యాడొస్తాడు సార్! ఆ బొమ్మపెట్టె ఎత్తుకోని బెంగుళూరికొస్తే అందరూ నగుతారు."

ఆమె అన్నది అబద్ధమా? కాదు. అది బొమ్మపెట్టే. నేను ఆ పెట్టెకు తగిన వాయిద్యగాణ్ణే. నిజం కాబట్టే ఒళ్లు మండింది. అబద్ధమైతే నవ్వి ఊరుకునేవాణ్ణి.

స్టేజీ ఎక్కాను. స్విచ్ వేశాను. ఆమె నా వైపు చూసింది. నేను తలూపాను. తలూపుతూనే రెండు సార్లు నొక్కాను. ఎప్పుడూ నొక్కే మీట కాదు, దాని పక్కది. పైకి.

అప్పుడు ఏమనుకున్నాను? కొంచెం తడబడితే చాలు, పొగరు దిగుతుంది, అనుకున్నానా? ఇన్నేళ్లూ నాకు నేను అట్లాగే చెప్పుకున్నాను. కాదు. ఆమెకు అందే చోటుకు నాలుగు మెట్లు పైన నిలబెట్టాను. లెక్క తెలిసే చేశాను. పల్లవిలోనే ఆమె మెడ నరాలు ఉబ్బడం చూశాను. మొదటి చరణం ఎట్లాగో లాగింది. తర్వాత వచ్చే సంగీతం నేనొక్కణ్ణే వాయించాలి, బోలెడంత సమయం. ఆపి, పొరపాటు నాది, మళ్లీ మొదలుపెడదాం అంటే సరిపోయేది. అనలేదు. తప్పులు పోకుండా వాయించాను, ఆ రోజు వాయించినంత బాగా ఎన్నడూ వాయించలేదు.

రెండో చరణంలో పాట పైకి ఎక్కే చోట ఆమె గొంతు చీలింది. మళ్లీ ఎత్తుకుంది. ఈసారి గాలి తప్ప ఏమీ రాలేదు. ఈలలు. ఎవడో "యక్కా, గోలీసోడా తాగు!" అని అరిచాడు. పందిరంతా నవ్వింది. బెంగుళూరు ఆయన పాట అయిపోకముందే లేచి వెళ్లిపోయాడు.

స్టేజీ వెనక్కి వచ్చింది. ఏడవడం లేదు. నేను అప్పటికే స్విచ్ ఆపేశాను. ఆ పెట్టె ఆపేస్తే శ్రుతి అంకె మళ్లీ సున్నాకి వచ్చేస్తుంది. ముందు ఏం నొక్కారో బ్రహ్మదేవుడు కూడా కనిపెట్టలేడు.

"అన్నా, ఒక్క మాట. శ్రుతి దించినావా, లేదా?"

"దించినానమ్మా. రోజూ దించినట్లే."

"నిజంగా?"

"అబద్ధం చెప్పేదానికి నాకేం పనమ్మా?"

ఆమె నన్ను చూడలేదు. పెట్టెను చూసింది. "అయితే నా గొంతే పోయినాది" అంది. అని, పిల్లను అత్తగారి చేతుల్లోంచి తీసుకుని వెళ్లిపోయింది.

మీట నొక్కడం ఒక తప్పు. అది కోపంలో చేశాను, ఒప్పుకుంటాను. కానీ ఆ జవాబు? అప్పటికి కోపం చల్లారింది. చల్లారాకే చెప్పాను. శ్రుతి దించినా కూడా అందలేదంటే ఆ గొంతు ఇక లేనట్టే కదా. ఆమెను పాటకు దూరం చేసింది ఆ ఈలలు కాదు, నా జవాబు.

ఇక ఊళ్లో నోళ్లకు పండగ. బాలింత పథ్యం తప్పిందన్నారు. పెరుగన్నం తిన్నదన్నారు. దిష్టి తగిలిందన్నారు. చంటిపిల్లను వదిలి మైకులు పట్టుకుంటే గొంతు పోక ఏమవుతుందన్నారు, ఆ మాట అన్నది మా డోలు వాయించేవాడే, నా ఎదురుగా కూర్చుని, నా బీడీలు కాలుస్తూ! ఒక్కడంటే ఒక్కడు పెట్టె వైపు వేలు చూపలేదు. ఎందుకు చూపుతారు? ఆడదాని గొంతు చెడిపోవడానికి వందలో వంద మందికి కారణాలు తెలుసు. ప్లాస్టిక్ పెట్టె మాత్రం తప్పు చేయదు! వాళ్ల మీద నాకు ఇప్పటికీ పళ్లు కొరికేంత కోపం. ఆ కోపానికి నాకు హక్కు ఉందా? వాళ్లు తెలియక వాగారు. నేను తెలిసి టీ తాగుతూ తలూపాను.

నాగవేణి మళ్లీ పాడలేదు. రాట్నం ముందు కూర్చుంది.

పోయిన ఏడాది చుట్టాల పెళ్ళికి చీర కొనాలని ధర్మవరం వెళ్లాను. తెలిసినవాళ్ల ఇల్లని చెప్పి చుట్టాలు ఒక ఇంటికి తీసుకెళ్లారు. లోపలికి అడుగు పెట్టాక తెలిసింది, అది ఆమె ఇల్లని. జుట్టు నెరిసింది. రాట్నం ఆపి లేచి, "అన్నా, బాగుండావా?" అంది. తర్వాత, నమ్మండి, మొదట అడిగింది నా పెట్టె గురించే. "పెట్టె ఉండాదా ఇంకా? ఆ ఫ్లూటు సౌండు ఇప్పుటికీ చెవుల్లో మోగుతాంటాది." ఉంది, అటక మీద ఉంది, అన్నాను.

ఒక పన్నెండు పదమూడేళ్ల పిల్ల ఏదో కూనిరాగం తీస్తూ నాకు మంచినీళ్లు తెచ్చింది. అసలు సిసలు గొంతు, తల్లిదే. "ఏయ్, పాడాకు. మనకు అచ్చిరాదు" అని నాగవేణి కసిరింది. మంచం మీద కూర్చున్న ముసలి అత్తగారు నవ్వుతూ నాకు చెప్పింది: "ఈ పాపేనప్పా. వాళ్లమ్మ గొంతు మింగి పుట్టినాది."

ఆ పిల్ల కూడా నవ్వింది. పుట్టినప్పటి నుంచి వింటున్న మాటకు నవ్వడం నేర్చుకున్న నవ్వు. ఆ ఇంట్లో ఆ మాట ఎన్ని వందల సార్లు అని ఉంటారు? దానికి ఏడాది నిండకముందే తల్లి గొంతు తినేసిందని, అన్నం పెట్టేటప్పుడూ జడ వేసేటప్పుడూ చెబుతూ పెంచారు. మింగింది అది కాదే ముసలిదానా, ఈ కుర్చీలో కూర్చుని నీ ఇంటి నీళ్లు తాగుతున్నవాడు, అని అరవాలనిపించింది. నీళ్లు తాగాను. చీర రంగు బాగుందన్నాను.

ఇవాళ పొద్దున పెట్టెను అటక మీంచి తీశాను. తెల్లమెట్లు పసుపుపచ్చగా మారిపోయాయి. ఆరు సెల్లులు వేసి స్విచ్ వేస్తే పలికింది. ఫ్లూటు నొక్కాను. అవును, ఊపిరి వినబడుతుంది, వాళ్లు చెప్పింది నిజమే. కిటికీలో ఎర్రటి సున్నా. స్విచ్ ఆపగానే చేసిందంతా మరచిపోయే వరం దానికి ఉంది.

ధర్మవరానికి రైలుంది, బస్సుంది. దూరం అనే వంక చెల్లదు. వెళ్లి చెబితే ఆ ఇంట్లో ఏం గొడవ అవుతుందోనని భయం అంటాను. ఆ భయం ఆమె కోసమా? నా పరువు కోసం. అదీ సంగతి. మీరు నన్ను తిట్టుకోండి. పోనీలే చిన్నతనం అని మాత్రం అనకండి, అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్లు.

ఒక మనిషి నన్ను నమ్మి ఒక ప్రశ్న అడిగింది. దానికి జవాబు ఇంతవరకు నోటితో చెప్పలేదు, చేత్తో రాయలేదు. ఎవరూ క్షమించకపోయినా సరే, ఇప్పుడు రాస్తున్నాను.

దించలేదమ్మా. రెండు మెట్లు పెంచినాను. నీ గొంతుకు ఏమీ కాలేదు. పాపను పాడనీ.