వెనకపిల్లని తీసేసిన అక్క

డైలాగులక్క తెలియదన్నవాళ్ళు మా వీధివాళ్ళు కారు. టీవీ సీరియళ్ళకి మాటలు రాస్తుంది. ఆవిడ రాసిన ఏడుపులకి ఈ చుట్టుపక్కల తడవని దిండు లేదు. నా దిండైతే ఒకసారి మొలకెత్తబోయింది.

మనిషిని చూస్తే ఏడిపించే రకంలా ఉండదు. పొడుగు. గుమ్మం కనపడగానే అలవాటుగా తల వంచేస్తుంది, అది ఏనుగు పట్టే గుమ్మమైనా సరే. ఆలోచన వస్తే పెన్ను కొరుకుతుంది. ఆవిడ భర్త కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. ఏనాటికైనా నా పెద్ద గిరాకీ మా ఇంట్లోనే ఉందని అందరితో చెప్పుకుని నవ్వుతుంటాడు.

ఆవిడకి ఒక చెల్లెలు. వీధి మలుపులో బట్టలు ఉతికి ఇస్త్రీ చేసిచ్చే దుకాణం చెల్లెలిదే. అక్కకి భుజం దాకా వస్తుందేమో, గొంతు మాత్రం రెండు వీధుల పొడుగు. ఉతికే మిషను మోతలో మాట్లాడి మాట్లాడి రహస్యం చెప్పినా ఊరంతా వినపడుతుంది. మాలాంటివాళ్ళకి దాని వల్ల బోలెడు శ్రమ తప్పింది. అక్క ఆఫీసుకి వెళ్తూ రోజూ ఆ దుకాణం ముందు ఆగేది. చెల్లెలు కౌంటరు మీంచి వంగి అక్క కాలరు లాగి సరిచేసేది. "ఏంటక్కా ఇది, ఆవు నమిలి వదిలేసినట్టుంది," అని రోజుకో వంక పెట్టేది. అక్క ఆ తిట్లు తిని, కడుపు నిండినట్టు బస్సెక్కేది.

వాళ్ళని పెంచింది వాళ్ళ పెద్దమ్మ. పెద్ద ఆసుపత్రిలో ఫోన్లు కలిపే ఉద్యోగం ఆవిడది. ఎవరికి ఎవరు కావాలంటే వాళ్ళని కలుపుతూ, ఫోను మోగని సందులో కథ రాసుకునేది. రాసి రాసి ఏడు పుస్తకాలు చేసింది. పొగదేశం కథలు. ఒక్కొక్కటి తలకింద పెట్టుకుంటే మెడ పట్టేసేంత లావు. పిల్లలు చదివారు, పిల్లల చేతుల్లోంచి లాక్కుని పెద్దలు చదివారు. నాకు అక్షరాలతో అంత చనువు లేదు కానీ కథ మొత్తం తెలుసు. మా వీధిలో ఉండి అది తెలియకుండా బతకడం కష్టం.

పొగదేశంలో మనిషి నడిచిన దారిని పొగ తినేస్తూ వెంట వస్తుంది. ఎవరో ఒకరు వెనక్కి చూస్తూ ఉంటేనే ఆ దారి మిగులుతుంది, లేకపోతే ఇంటికి తిరిగొచ్చే వీలుండదు. అందుకని ఇద్దరు పిల్లలు కలిసి బయల్దేరతారు. ముందుపిల్ల దారి వెతుకుతుంది. వెనకపిల్ల ఆ ముందుపిల్ల జడ కొస పిడికిట్లో పట్టుకుని, వెనక్కి తిరిగి, అలాగే వెనక్కి నడుస్తూ దారిని కాపాడుతుంది. ఏడు పుస్తకాలూ ఆ పిల్ల ఎదురుగా ఏముందో చూడకుండానే నడుస్తుంది.

ఇది పెద్దమ్మ గాల్లోంచి పుట్టించింది కాదు. అక్కచెల్లెళ్ళు చిన్నప్పుడు బడినుంచి బస్సుల షెడ్డు వెనక సందులోంచి ఇంటికి రావాలి. ఆ సందులో కుక్కలుండేవి. ఒక్కొక్కటీ గుర్రమంత అని చెప్తారు, నేను గాడిదంత అనుకుంటాను. ఎదురుగా చూసేవాళ్ళని ఏమీ అనవు, వీపు కనపడితే పిక్క పట్టేస్తాయి. అక్కకి కుక్కలంటే ప్రాణం పోయేంత భయం. అందుకని అక్క ముందు నడిచేది, చెల్లెలు అక్క జడ పట్టుకుని కుక్కల కళ్ళల్లోకి చూస్తూ వెనక్కి నడిచేది. పెద్దమ్మ కిటికీలోంచి అది చూసింది. అదే పుస్తకమైంది.

పుస్తకాలు చదివినవాళ్ళంతా వెనకపిల్ల మీదే ప్రాణం పెట్టుకున్నారు. పెద్దమ్మని చూడ్డానికి ఎవరొచ్చినా మొదటి మాట, "మీలో వెనకపిల్ల ఎవరమ్మా?" అనే. చెల్లెలు ముందుకొచ్చేది. బుగ్గలు పుణికేవారు, పక్కన కూర్చోబెట్టుకుని ఫోటోలు దిగేవారు. అక్క కుర్చీలు వేసేది. మంచినీళ్ళు తెచ్చేది. ముందుపిల్ల ఎవరని అడిగినవాడు నాకు తెలిసి ఒక్కడూ లేడు.

పెద్దమ్మ పోయిన తర్వాత ఒక టీవీ కంపెనీ ఆ కథల్ని సీరియలుగా తీస్తామని వచ్చింది. సంతకం అక్కచెల్లెళ్ళిద్దరూ పెట్టాలి. చెల్లెలు పెన్ను పట్టుకుని, మా అక్క రాస్తేనే పెడతానంది. కంపెనీ వాళ్ళకి ఎవరో పేరున్న రచయిత మనసులో ఉన్నాడు. చెల్లెలు పెన్ను మూత పెట్టేసింది. ఆ మూత మళ్ళీ తెరిపించడానికి వాళ్ళు దుకాణం చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరగ్గొట్టుకున్నారు. చివరికి ఒప్పుకున్నారు. అప్పటిదాకా అత్తాకోడళ్ళ తగువులు రాసుకునే డైలాగులక్కకి ఆ పని అలా దొరికింది.

ఇక అసలు సంగతి. మా ఆడపడుచు ఆ సీరియల్లో పిల్లలకి జడలు వేసే పనిలో ఉంది. ఇదంతా సీరియలు మొదలయ్యాకే నాకు చెప్పింది. దాని మాటల్లో సగం తీసేసి నమ్మాలి. కానీ ఇది మాత్రం మొత్తం నమ్మాను, ఎందుకంటే చెప్తూ చెప్తూ అది ఏడ్చింది.

షూటింగుకి ముందు ఇద్దరు పిల్లల్నీ పెట్టి నడిపించి చూశారట. వెనకపిల్ల వేషం వేసిన అమ్మాయి వెనక్కి నడవలేక మాటిమాటికీ పడిపోతోంది. పడినప్పుడల్లా జడ లాగుతుంది, ముందుపిల్ల కెవ్వుమంటుంది. ఒక్క నడక కుదరడానికి సగం పూట పోతోంది. పైగా చిన్నపిల్లల్ని ఎక్కువసేపు పని చేయించకూడదు కదా. దర్శకుడు విసిగిపోయి అందర్నీ గదిలో కూర్చోబెట్టి, ఒక్క పిల్లతోనే కథ నడిపిద్దాం, తీసేసిన పిల్ల పనులు కూడా ఉన్న పిల్లకే ఇచ్చేద్దాం అన్నాడు. ఎవర్ని ఉంచుదాం అని డైలాగులక్క వైపు చూశాడు.

డైలాగులక్క పెన్ను నోట్లోంచి తీసి, "వెనకపిల్లని తీసేయండి," అంది.

దర్శకుడు ఆవిడ వంక వింతగా చూశాడట. "నేను ముందుపిల్లని తీసేద్దామనుకున్నానే," అన్నాడు. "జనానికి వెనకపిల్లే కదా ఇష్టం."

అప్పుడైనా నాలిక కరుచుకోవచ్చు. సరే మీ ఇష్టం అనొచ్చు. డైలాగులక్క మాత్రం, దారి వెతికేవాళ్ళు లేకపోతే కథ ముందుకెలా వెళ్తుంది, వెనక్కి చూసే పని ఎవరైనా మెడ తిప్పి చేయొచ్చు అని చక్కగా వాదించింది. మాటలు రాసే మనిషి కదా, మాటలకేం లోటు. దర్శకుడు సరేనన్నాడు. జడ వేయించుకుంటూ కూర్చున్న ఆ రెండో పిల్లని వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిపోయింది. సగం అల్లిన జడతోనే వెళ్ళిందని మా ఆడపడుచు బాధ.

ఆ తర్వాత డైలాగులక్క తన చేతులతోనే రాయాల్సి వచ్చింది. మూడో పుస్తకంలో వెనకపిల్ల రెప్ప వేయకుండా పొగని చూస్తూ నిలబడితే ఊరు ఊరంతా వంతెన దాటుతుంది. ఆ చోటు చదివి ఏడవనివాడు మనిషే కాదంటారు. అది తీసి ముందుపిల్లకి రాసింది. రాసిన రోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయిందట. వాళ్ళాయన విషయం కనుక్కుని, ఈ రోజే వెళ్ళి చెల్లెలితో చెప్పెయ్యి, పంటి నొప్పిని దాచుకున్నకొద్దీ వేరు దాకా వెళ్తుందన్నాడట. ఆయన ఏం చెప్పాలన్నా పళ్ళతోనే చెప్తాడు.

చెప్దామనే వెళ్ళింది. ఒక్కసారి కాదు. మా అరుగు మీంచి దుకాణం తిన్నగా కనిపిస్తుంది కాబట్టి వెళ్ళినప్పుడల్లా చూశాను. ఒకసారి వెళ్ళేసరికి చెల్లెలు ఎవరిదో కోటు ఇస్త్రీ చేస్తూ, వాళ్ళకి వెనకపిల్ల గురించే చెప్తోంది. అక్కని చూసి, "నా వేషం వేసే పిల్ల ఎలా ఉంటుందక్కా? నాకంటే బాగుంటే ఊరుకోను," అంది. అక్క నవ్వి, చూద్దువుగాని అంది. ఇంకోసారి వెళ్ళి, చెప్పే బదులు అక్కడున్న దుప్పట్లన్నీ మడతపెట్టి వచ్చింది. అలా మడతపెట్టిన దుప్పట్లు ఒకదాని మీద ఒకటి వేస్తే మేడ మీదకి ఎక్కిపోవచ్చు. తప్పు చేసిన మనిషి ఎంత పని చేస్తుందో నేను కళ్ళారా చూశాను.

చెల్లెలు మాత్రం మొదటి రోజు సీరియలు అందరూ తన దుకాణంలోనే చూడాలని పట్టుబట్టింది. పక్కనున్న మేకుల కొట్టాయన దగ్గర పెద్ద టీవీ అడిగి తెచ్చింది. వేలాడే బట్టలన్నీ లోపలికి జరిపి బల్లలు వేసింది. సాయంత్రానికి వీధిలో సగం మంది లోపలున్నారు, మిగిలిన సగం గుమ్మంలో ఉన్నారు. డైలాగులక్క ఆలస్యంగా వచ్చి గోడవారగా నిలబడింది.

తెర మీద ఆవిడ పేరు పడగానే చప్పట్లు కొట్టారు. చెల్లెలి చప్పట్లే అందరికంటే గట్టిగా వినపడ్డాయి. తర్వాత పొగ వచ్చింది. పొగలోంచి ముందుపిల్ల వచ్చింది. పొడుగు జడ. ఆ జడ కొస ఊగుతోంది, ఎవరి చేతిలోనూ లేదు. ఇప్పుడొస్తుంది ఇప్పుడొస్తుందని అందరం చూశాం. ఆ పిల్ల నడిచింది, మాట్లాడింది, మధ్యమధ్యలో మెడ తిప్పి వెనక్కి చూసింది. చూసినప్పుడల్లా పొగ ఆగింది. చెల్లెలు మొదట కూర్చున్న చోటే ముందుకు వంగి చూస్తోంది. కాసేపటికి వెనక్కి ఆనుకుంది. నేను ఆ తర్వాత టీవీ చూడలేదు, చెల్లెలి మొహమే చూశాను.

ప్రకటనలు రాగానే మేకుల కొట్టాయన వెనక్కి తిరిగి, మా చిన్నదాన్ని ఎక్కడ దాచావమ్మా అని అక్కని అడిగాడు. ఇంకెవరో, ఇది అన్యాయం కదా అన్నారు. మాట మీద మాట లేచింది.

చెల్లెలు లేచి నిలబడింది. "నేనే వద్దన్నాను. టీవీలో నన్ను చూపించాక జనం ఊరుకుంటారా? నన్ను చూడ్డానికే వస్తే ఈ బట్టలు ఎవరు ఉతుకుతారు, మీరా?" అంది.

అందరూ నవ్వారు. నమ్మారు కూడా. ఎవరో, అవునా అక్కా అని అడిగారు.

డైలాగులక్క అవునని తల ఊపింది.

ఆ గదిలో వెనకపిల్లని తీసేయమన్నది ఒక ఎత్తు, ఈ తల ఊపడం ఒక ఎత్తు. మొదటిది ఎవరి ఎదటో అన్నది. ఇది చెల్లెలి కళ్ళ ముందే చేసింది.

సీరియలు అయిపోయి అందరూ వెళ్ళిపోయారు. నా చెప్పు ఒకటి బల్ల కిందకి పోయింది, వెతుక్కుంటూ ఉండిపోయాను. అది దొరకాలని నేనూ అంత తొందరపడలేదు.

"ఎవరు తీసేశారు?" అంది చెల్లెలు, టీవీ తీగ చుడుతూ.

"ఆ పిల్ల వెనక్కి నడవలేక పడిపోతోంది. పిల్లల్ని ఎక్కువసేపు ఉంచకూడదు కూడా. అందుకని—"

"నేనడిగింది అది కాదు."

"నేనే," అంది అక్క.

చెల్లెలు తీగ చుట్టడం ఆపలేదు. అక్క అక్కడితో ఆగిపోవచ్చు. ఆగలేదు. "ఆయన ముందుపిల్లని తీసేద్దామనుకున్నాడు. నేనే చెప్పి మార్పించాను," అంది. ఆ ఒక్క ముక్కా దాచుకుంటే ఎవరికీ తెలిసేది కాదు.

"ఎందుకక్కా?"

"అందరికీ నువ్వే కావాలి. చిన్నప్పట్నుంచీ."

చెల్లెలు చుట్టిన తీగని బల్ల మీద పెట్టింది. దుకాణం పుట్టినప్పటి నుంచీ ఆ గొంతు అంత చిన్నగా రావడం నేను వినలేదు. "వీళ్ళ ముందు నిన్నెవరైనా ఏమైనా అంటే నేను పడను. అది నా ఇష్టం. నాతో మాత్రం మాట్లాడకు."

"ఎన్నాళ్ళు?"

"నాకేం తెలుసు. షట్టరు దించాలి, జరుగు."

నా చెప్పు అప్పుడే దొరికింది. తీసుకుని వచ్చేశాను.

ఆ తర్వాత పుస్తకాలు చదివినవాళ్ళు ఊరుకోలేదు. వెనకపిల్ల ఏదని కంపెనీకి ఎన్ని ఫోన్లు వచ్చాయంటే, అక్కడ ఫోనెత్తే అమ్మాయి చెవి వాచిపోయిందట. దర్శకుడు డైలాగులక్కని పిలిచి, నేను ముందే అన్నానా అన్నాడు. ఆవిడ అదే అదను చూసుకుని, ఇప్పుడైనా ఆ పిల్లని తెచ్చి కథలో పెడదామని బతిమాలిందని మా ఆడపడుచు చెప్పింది. ఆ పిల్ల అప్పటికే ఇంకో సీరియల్లో దయ్యం వేషానికి ఒప్పుకుందట. పైగా వంతెన సీను ముందుపిల్లతో తీసేశారు. ఒకే వంతెనని రెండుసార్లు ఎలా దాటిస్తావని దర్శకుడు అడిగాడు. సీరియలు మాత్రం నడుస్తోంది. రోజూ ఆవిడ పేరు పడుతోంది. ఆ పేరు పడే వేళకి ఆవిడ వంటింట్లోకి వెళ్ళి నీళ్ళ పంపు తిప్పుతుంది. ఆ చప్పుడు మా ఇంట్లోకి వినపడుతుంది.

కొన్నాళ్ళు ఆవిడ బస్సుకి ఎదురు వైపు నుంచి వెళ్ళింది. కాలరు ఎలా ఉందో చూసేవాళ్ళు లేరు కాబట్టి ఎలాగో ఉండేది. ఒకరోజు పొద్దున్న ఒక చొక్కా చేతిలో పట్టుకుని తిన్నగా దుకాణానికి నడిచింది. అది నలిగిన చొక్కా కాదు. ఎంత శుభ్రంగా ఉందంటే, కొత్తగా కొన్నా అలా ఉండదు. నేను కూడా గబగబా మా దుప్పటి ఒకటి చుట్ట చుట్టుకుని వెళ్ళి వెనకే నిలబడ్డాను.

కౌంటరు దగ్గర జనం ఉన్నారు. డైలాగులక్క వరసలో నిలబడింది. తన వంతు రాగానే చొక్కా బల్ల మీద పెట్టింది. చెల్లెలు దాన్ని విప్పి చూసింది, కాలరు మీద చెయ్యి వేసి తీసేసింది. నంబరు చీటీ ఒకటి చింపి చొక్కాకి గుచ్చి, రెండో ముక్క అక్క వైపు జరిపింది.

"ఎల్లుండి రండి," అంది.

రండి అంది. తోబుట్టువుని, ఎవరి జడ పట్టుకుని పెరిగిందో ఆ మనిషిని మీరు అంది. నేను ఈ వీధిలో తిట్లు చాలా విన్నాను, నేనూ చాలా తిట్టాను. అంతకంటే పెద్ద తిట్టు వినలేదు.

డైలాగులక్క ఆ చీటీ తీసుకుని మడిచి సంచిలో పెట్టుకుంది. ఏదో ఒక మాట అంటుందనుకున్నాను. ఎంతమంది నోళ్ళలో ఎన్ని మాటలు పెట్టిన మనిషి.

"వస్తానండి," అంది, బస్సు వైపు వెళ్ళిపోయింది.