పొంగణాల పెనంలో సీసం

1990 ఆగస్టు 24, శుక్రవారం, ఉదయం పది. కువైట్‌లోని సబా అల్ సలేంలో, మాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్ ఇల్లు. ఉన్నవారు: ఆయన గోడౌన్ స్టోర్ కీపర్‌నైన నేను, రాయచోటి వంటమనిషి, జగిత్యాల డ్రైవర్. కఫీల్ కుటుంబంతో సహా వేసవికి విదేశం వెళ్ళి, ఇంతలో ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించడంతో అక్కడే చిక్కుకుపోయాడు.

కఫీల్‌కు ఎడారిలో గురి చూసి కాల్చడం సరదా, మోత మాత్రం గిట్టదు. అందుకే పోత పోసిన సీసపు గుళ్ళు, తక్కువ తుపాకిమందు. శబ్దం కంటే మెల్లగా వెళ్ళే గుండు పెద్దగా పేలదు, దూరాన తలుపు మూసినట్టుంటుంది. టైర్లకు వేసే పాత బ్యాలెన్స్ బరువులు కరిగించి ఆ గుళ్ళు పోసేది నేనే. ప్రతి పోతా డైరీలో రాసేవాణ్ణి.

రైఫిల్‌నూ గుళ్ళు పోసే అచ్చునూ డ్రైవర్ ఆక్రమణ మొదటి వారంలోనే ఫహాహీల్ దగ్గర సముద్రంలో పారేశాడు. గుళ్ళ డబ్బా ఒకటి మరచిపోయాను. అది ఆ ఉదయమే స్టోర్ రూమ్‌లో కనబడింది. అప్పటికి ఇరాకీ సైనికులు మా వీధిలో ఇల్లిల్లూ వెతుకుతున్నారు. గుళ్ళు దొరికితే తుపాకీ అడుగుతారు, సముద్రంలో ఉందంటే నమ్మరు. బయట పారేద్దామంటే చెత్తకుప్పలు కూడా కెలుకుతున్నారు.

కరిగించి, గాలాలకు కట్టే బరువులుగా పోద్దామన్నాను. ఇంట్లో గుండ్రటి గుంటలున్నది వంటమనిషి పొంగణాల పెనం ఒక్కటే.

"మాయమ్మ ఇచ్చింది సార్ ఇది. సీసం పోసినాక ఇంగ తిండికి పనికిరాదు," అన్నాడు.

"మనం దొరికితే దాంట్ల ఎవడు పోసుకుంటడు భాయ్ పొంగణాలు?" అన్నాడు డ్రైవర్.

వంటమనిషి పెనం పొయ్యి మీద పెట్టాడు. పక్క పొయ్యి మీద పాత గిన్నెలో నేను గుళ్ళు కరిగించాను. గుళ్ళకు పూసిన తేనెమైనం పొగ లేచింది. కిటికీలు మూశాం. మొదటి వాయి బాగా వచ్చింది. గట్టిపడేలోపు ఒక్కొక్క దానిలో తీగ కొక్కెం గుచ్చాను. పోతల లెక్కలున్న డైరీ పేజీలు చింపి అదే మంటలో వేశాను. అంతలో వంటమనిషి, పెనం కాగిందో లేదో చూడ్డానికి, అలవాటు కొద్దీ నీళ్ళు చిలకరించాడు. మొదటి వాయి గట్టిపడాలని దించిన పెనం అప్పటికి చల్లారి ఉంది. చుక్కలు గుంటల్లోనే నిలిచాయి. నేను చూడలేదు, సీసం పోశాను.

చుక్కలు ఒక్కసారిగా ఆవిరై, సీసం టప్పుమని ఎగిసింది. పెనం పట్టుకున్న డ్రైవర్ ముంజేతి మీద పడింది. అతను చొక్కా కాలర్ కొరికి పట్టాడు తప్ప కేక వేయలేదు. సైనికుల మాటలు రెండిళ్ళ అవతల వినబడుతున్నాయి. వంటమనిషి అతని చెయ్యి కుళాయి కింద పెట్టి ఏడుస్తూ, "నన్ను తిట్టన్నా," అన్నాడు.

"ఊకో. ముందు పని కానీ," అన్నాడు డ్రైవర్.

ఆ రోజు సైనికులు మా దాకా రాలేదు. మర్నాడు ఏడున్నరకు నలుగురు వచ్చారు. కట్టు చూసి అధికారి అడిగితే వంటమనిషి వేడినూనె అన్నాడు. అధికారి ఒక బరువును చేతిలో ఆడించి, గాలం దారానికి కట్టి చూపమన్నాడు. తన ఊరి చెరువులో తప్ప చేపలు పట్టలేదని చెప్పుకునే డ్రైవర్, ఒక చేత్తో, పళ్ళతో ముడి వేశాడు. అధికారి రెండుసార్లు గుంజి చూశాడు. సముద్రం వైపు కనబడితే కాల్చేస్తామని చెప్పి, బరువులన్నీ, ఒక బియ్యం బస్తా తీసుకున్నారు. ఎనిమిదింటికి పక్కింటి గేటు తట్టారు.