భూదేవి చూడని ధర

తాను కంటితో చూడని ఒక అంకెకు ఒక స్త్రీని దోషిగా తేల్చారు. ఆ తీర్మానం కింద ఐదు సంతకాలున్నాయి. రెండవది నాది.

ఆమె పేరు భూదేవి. వయసు యాభై ఎనిమిది. ముంబై కామాఠిపురాలో, ఒకే వరండా మీద గదులుండే మా చాల్‌లోనే పుట్టి, పెళ్లయ్యాక అదే వరండాలో మూడు గదుల అవతలికి మారింది. తాత పాలమూరు నుండి రాళ్లు మోయడానికి వచ్చినవాడు. భర్త పోచయ్య తాపీ పనివాడు. వర్లిలో పరంజా విరిగి, కిందపడి పోయాడు. కర్మలు ముగిశాక అతని చొక్కాలు, లుంగీలు కత్తిరించి ఆమె ఒక బొంత కుట్టింది. పిల్లలు ఆ బొంత కప్పుకునే పెరిగారు.

అప్పటినుండి గల్లీలో ఎవరు పోయినా వారి బట్టల మూట భూదేవి గుమ్మానికే చేరేది. ఆ బట్టలతో కుట్టే బొంతకు కూలి తీసుకోకూడదన్నది మా గల్లీ కట్టుబాటు; దారం, అస్తరు గుడ్డ ఖర్చు మాత్రమే అడగాలి. నాగ్‌పాడా కార్ఖానాలకు సంచులు కుట్టేటప్పుడు అర్ధరూపాయి కోసం సేఠ్‌లతో గొంతు చించుకునే మనిషి, పోయినవారి బట్టల దగ్గర ఏనాడూ నోరు విప్పలేదు.

నిరుడు మా గల్లీలో రాజవ్వ మరణించింది. ఆమె కూతురు అనూష షార్జాలో నర్సు. అంత్యక్రియలకు వచ్చి, తల్లి చీరలు ఏడింటిని భూదేవికి అప్పగించి వెళ్లింది. బొంత సిద్ధమైంది గాని, అటు వెళ్లేవారెవరూ దొరకలేదు. చేతిపనులు అమ్మే ఒక ఆన్‌లైన్ దుకాణం విదేశాలకు పార్సెళ్లు పంపుతుందని తెలిసి, మనుమరాలు దర్శన, అనూష కొనుక్కునేలా బొంతను అందులో పెట్టింది. భూదేవి చెప్పిన ధర తొమ్మిది వందల రూపాయలు: దారం, అస్తరు, పార్సెల్ ఖర్చు. గల్లీ సంఘం కాగితాలు భద్రపరిచేవాణ్ని గనుక ఆ పేజీ ముద్రించి నాకిచ్చారు. తేదీ వేసి ఫైలులో పెట్టాను.

షార్జాలో అనూష అదే పేజీ తెరిచింది. అక్కడ ధర రూపాయలలో లేదు. డెబ్బై తొమ్మిది దిర్హాములని ఉంది. అంటే పద్దెనిమిది వందల పైమాట. ఆ అమ్మాయి మారుమాటాడక చెల్లించింది. కాని స్క్రీన్‌షాట్ తీసి, మేనమామ వెంకటయ్యకు పంపి, భూదేవి పెద్దమ్మ కూలి తీసుకోదన్నారు కదా అని అడిగింది. వెంకటయ్య మా సంఘం అధ్యక్షుడు.

ఆదివారం ఆమెను సంఘం గదికి పిలిపించారు. తలుపులు తెరిచే ఉంచారు. వరండా నిండా జనం.

"ఏమమ్మా భూదేవి, సచ్చినోళ్ల చీరెల మీద గూడ ధంధా షురూ జేసినవా?" అన్నాడు వెంకటయ్య.

"ఏం ధంధా అన్నా? తొమ్మిది నూర్లు రాపిచ్చిన. సూడుండ్రి." ఆమె ఫోన్ చాపింది. అందులో తొమ్మిది వందలే ఉంది.

"వారెవ్వా! దొరికినంక తక్కువ జేసినవ్. ఫోన్ నీ చేతులనే ఉండె గదా!"

వరండాలో నవ్వారు. ఆమె దగ్గరున్న ఒకే ఒక్క సాక్ష్యం ఆ క్షణాన ఆమెకే ఎదురు తిరిగింది.

"సార్, నువ్వు జెప్పు," అన్నది నావైపు తిరిగి. "కాయితం నీ దగ్గరనే ఉన్నది గదా."

ఉంది. రెండు మెట్లు దిగి నా గదికి వెళ్తే దొరికేది. అధ్యక్షుని మాటకు అడ్డుపడటం ఇష్టంలేక "తరువాత చూద్దాంలే" అన్నాను. పోయినవారి బట్టలు ఇకపై భూదేవికి ఇవ్వరాదన్న తీర్మానంపై సంతకం చేశాను.

పన్నెండు రోజుల తరువాత ఫైలు తెరిచాను. అనూష కొన్న తేదీకి ఆరు రోజుల ముందటి కాగితం. ధర తొమ్మిది వందలు. షార్జాలో అనూషకు ఫోన్ చేసి, ఇద్దరం ఒకేసారి ఆ పేజీ తెరిచాం. బొంత అమ్ముడైనట్టు ముద్ర పడినా ధర చెరిపివేయలేదు.

"నీకెంత కనబడుతోంది బిడ్డా?"

"డెబ్బై తొమ్మిది దిర్హాములు, సార్."

"నాకు తొమ్మిది వందల రూపాయలు."

ఆ పిల్ల ఏడ్చింది. నాకు ఆ హక్కు కూడా లేదు.

దుకాణానికి ఉత్తరం రాశాను. జవాబు నా వద్ద ఉంది. కొనేవారికి వారి దేశపు డబ్బులో ధర చూపితే కొనుగోలు సులువట. మారకపు రేటుపై దాదాపు ధరంత రుసుము కలిపి, మొత్తాన్ని తొమ్మిదితో ముగిసే అంకెకు పెంచుతారట. అమ్మేవారికి ఆ అంకె చూపే ఏర్పాటు లేదట. భూదేవి ఖాతాలో పడింది తొమ్మిది వందలే.

ఆమె గదికి వెళ్లాను. సంచులు కుడుతోంది.

"తప్పు నాది భూదేవీ. ఇప్పుడు తెలిసింది."

"నాకు ఆ దినమే ఎరుక సార్," అన్నది, మిషను ఆపకుండా. "నువ్వు నా మొకం సూడకుండ సంతకం జేస్తివి."

వెంకటయ్యకు కాగితాలన్నీ చూపాను. "అయిపోయిన ముచ్చట, ఎందుకు తవ్వుతవ్ సార్" అన్నాడు. ఆ వారమే పై అంతస్తులో ఒక వృద్ధుడు పోయాడు. అతని పంచెల మూట ఇప్పటికీ మెట్ల కింద పడి ఉంది. ఇంటివారు భూదేవికి ఇవ్వడానికి భయపడుతున్నారు, పారవేయడానికి మనసొప్పడం లేదు.

దుకాణం యజమానులారా, మీరు కలిపినది మీ పేరుతో వేరుగా చూపండి. కుట్టిన మనిషి అడిగిన ధరను ఆ పక్కనే, ఆమె అడిగిన రూపాయలలోనే ఉంచండి. మీరు కొన్నవారికి చూపే అంకెను అమ్మేవారికీ చూపండి.

వెంకటయ్యా, మన సంఘం పెద్దలారా, ఆ తీర్మానాన్ని తలుపులు తెరిచి, అదే వరండా వినేలా రద్దు చేయండి. తరువాత ఆ పంచెల మూటను మీ చేతులతో ఎత్తి, మెట్లెక్కి, భూదేవి గుమ్మం బయట నిలబడి, కుట్టిపెట్టమని అడగండి. ఆమె కుట్టనంటే ఎందుకని అడగకండి. తల వంచుకుని దిగి రండి.