యానాం బెన్యేలూ మామ్మ ముగ్గూ

యానాంలో పుట్టి ధవళేశ్వరం కోడలైన మా అమ్మను మామ్మ ఏళ్ల తరబడి "ఫ్రెంచివాళ్లమ్మాయి" అనే అంది. మామ్మ అంటే మా నాన్నగారి తల్లి. యానాం మాకు బస్సు దూరమే అయినా ఆవిడ లెక్కలో సముద్రానికి అవతలి దేశం.

"వాళ్లూ మనలాగే పప్పూ పులుసూ తినే తెలుగువాళ్లే కదా మామ్మా!" అని నేను వాదనకు దిగేదాన్ని. నాకప్పుడు పన్నెండేళ్లు. వాదన మొదలుపెడితే ఎదుట ఎవరున్నదీ చూసేదాన్ని కాదు. ఆ గుణం ఇప్పటికీ పోలేదు.

"తింటార్లేవే. మీ అమ్మ చేసే పులుసు చూశాగా, బెల్లం పానకంలా ఉంటుంది," అనేది మామ్మ.

యానాంలో ఒకప్పుడు ఫ్రెంచి దొరల ఇళ్లలో వంట చేసిన ఒక పెద్దావిడ మా అమ్మమ్మ వీధిలోనే ఉండేదట. అమ్మమ్మ ఆవిడ దగ్గర బెన్యేలు నేర్చుకుంది. మైదాపిండిని ఈస్టుతో పొంగబెట్టి, పలకల్లా కోసి, నూనెలో వేయించి, పైన పంచదార పొడి దట్టంగా చల్లితే అవే బెన్యేలు. అమ్మమ్మ పోయిన మరుసటి వేసవిలో ఒకరోజు అమ్మ, "ఈ ఆదివారం బెన్యేలు చేస్తానండి అత్తయ్యగారూ," అంది. పండక్కైనా పబ్బానికైనా మామ్మ చెప్పిందే పొయ్యి మీదికి ఎక్కే ఇంట్లో ఆ మాట అనడానికి అమ్మకు ఎంత ధైర్యం కావలసి వచ్చిందో నాకు తెలుసు.

"బనీన్లా? మీ ఊళ్లో బనీన్లు వేయించుకు తింటారా అమ్మాయ్?" అంది మామ్మ.

నాన్నగారు పేపరు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఏ కాలవకు ఎంత నీళ్లు వదలాలో లెక్క చూసే ఆనకట్ట ఆఫీసులో ఆయన గుమాస్తా. అత్తాకోడళ్ల సంగతికొచ్చేసరికి మాత్రం ఏ తలుపూ ఎత్తేవారు కాదు. అయినా శనివారం సాయంత్రం రాజమండ్రిలో ఒక బేకరీవాణ్ణి బతిమాలి ఈస్టు పొట్లం పట్టుకొచ్చారు.

అమ్మమ్మ చేసే బెన్యేల్లో కోడిగుడ్డు పడాలి. తాతయ్య పోయినప్పటినుంచి మామ్మ చేపా గుడ్డూ ముట్టడం లేదు. అందుకని అమ్మ గుడ్డు మానేసి మీగడ వేసి పిండి కలిపింది.

"గుడ్డు లేకపోతే పొంగుతాయా అమ్మా?" అన్నాను.

"ఏమోనే. మీ మామ్మగారు ఒక్కటి తిని బాగుందంటే నాకదే చాలు," అంది. మా అమ్మ నోరు తెరిచి నాకిది కావాలి అనడం నేను అదే మొదటిసారి వినడం. మామ్మ తినకపోతే ఊరుకునేది లేదని అప్పుడే నిశ్చయించుకున్నాను.

ఆ రాత్రి పిండిగిన్నె మీద తడిగుడ్డ కప్పి, అమ్మ పంచదార మిక్సీలో మెత్తగా పొడిచేసి ఒక బిస్కెట్ల డబ్బాలో పోసింది. సరిగ్గా అలాంటిదే ఇంకో డబ్బా మామ్మది. ఆవిడ బియ్యప్పిండితో తప్ప ముగ్గు పెట్టేది కాదు. "డబ్బాలో పిండి అయిపోయింది, పోసి పెట్టమ్మాయ్," అని మామ్మ చెబితే అమ్మ అందులోనూ పోసింది. రెండూ వంటింటి గట్టుమీద పక్కపక్కనే పెట్టింది. మామ్మ కళ్లకు శుక్లాలు. ఆపరేషన్ మాటెత్తితే మాత్రం "నాకన్నీ కనిపిస్తున్నాయి" అనేది.

తెల్లవారుజామున మామ్మ గొణుగుడికి మెలకువ వచ్చింది. వాకిట్లో కళ్లాపి చల్లి ముగ్గు పెడుతూ తిట్టిపోస్తోంది. "ఇదేం పిండో! పెట్టిన గీత పెట్టినట్టే మాయమైపోతోంది. రోజులు పాడైపోయాయి, బియ్యంలోనూ కల్తీయే." గీత మీద గీత, పిడికెడు మీద పిడికెడు పోస్తూ డబ్బా ఖాళీ అయ్యేదాకా పెట్టింది. నేను అటు తిరిగి పడుకున్నాను.

ఎండ వాకిట్లోకి వచ్చేసరికి తెల్లముగ్గు లేదు గానీ నల్లముగ్గు ఉంది. ఊళ్లో చీమలన్నీ మా వాకిట్లోనే చేరాయి. మామ్మ ఎక్కడెక్కడ గీత గీసిందో అక్కడల్లా ఒకదాని వెనక ఒకటి నిలబడి, మెలికలూ చుక్కలూ ఏదీ వదలకుండా ముగ్గంతా దిద్దేశాయి. ఎదురింటావిడ గుమ్మంలోంచి "ఏంటండీ పిన్నిగారూ, ఈ డిజైను ఎప్పుడూ చూళ్లేదు!" అంది.

నేను నవ్వుతూ లోపలికి పరిగెత్తేసరికి అమ్మ ఖాళీ డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. కళ్లల్లో నీళ్లు. నా నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు.

"కావాలనే చేశావు కదూ మామ్మా?" అని అరిచాను.

మామ్మ తెల్లబోయింది. "కావాలని చేసేదాన్నయితే చీమల చేత నవ్వించుకుంటానటే?" అంది. అమ్మ నన్ను కసిరి, డబ్బా కింద పెట్టి, "పోనీలెండి అత్తయ్యగారూ, పొడి లేకుండానే చేస్తాను," అంది. పంచదార ఇంకా ఉంది గానీ కరెంటు లేదు. ఆదివారం పూట పోయిన కరెంటు మధ్యాహ్నం దాటితే గానీ వచ్చేది కాదు.

మామ్మ పంచదార తీసుకుని పెరట్లోకి వెళ్లింది. కాసేపటికి రోకలి చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే రోటి ముందు కూర్చుని పంచదార దంచుతోంది. దంచింది దంచినట్టు పాత వాయిలు చీర ముక్కలో పోసి పళ్లెంలోకి జల్లిస్తోంది. మిక్సీ పొడి దీని ముందు రవ్వ. చెమటలు కారిపోతున్నాయి. "నేను దంచుతాను మామ్మా" అంటే, "నువ్వు సగం బుక్కేస్తావు, పో," అంది.

పిండి రాత్రికి రాత్రి గుడ్డను ఎత్తేసి గిన్నె బయటికి తొంగి చూస్తోంది. అమ్మ దాన్ని ఒత్తి పలకలు కోసి నూనెలో వేసింది. గుడ్డు లేకపోయినా పూరీల్లా పొంగి బోర్లాపడ్డాయి. అమ్మ మొహం చూడాలి అప్పుడు! మామ్మ వంటింటి గడపలో పీట వేసుకుని కూర్చుని, వేడివేడివాటి మీద తనే పొడి చల్లింది. అమ్మ ఒకటి ఆకులో పెట్టి అందించింది.

మామ్మ కొరికింది. పైపెదవికి తెల్లగా పొడి అంటుకుంది. బాగుందని గానీ బాగోలేదని గానీ అనలేదు. మొత్తం తిని చెయ్యి చాపింది. అమ్మ రెండోది పెట్టింది. అదీ అయ్యాక, "మీ అమ్మగారు చేసేవారు కదూ ఇవి? ఎలా ఉండేవారు ఆవిడ?" అంది.

అమ్మమ్మ పోయి ఏడాదైంది. మా ఇంట్లో ఎవరూ ఆ మాట అడగలేదు. నాన్నగారూ అడగలేదు, నేనూ అడగలేదు. అమ్మ చిల్లుల గరిటె చేతిలో పట్టుకునే చెప్పడం మొదలుపెట్టింది. అమ్మమ్మ నవ్వు, ఆవిడ కోపం, గోదారొడ్డున వాళ్లిల్లు, ఆఖరి రోజుల్లో ఆవిడ తనకోసం అడిగిన సంగతి, ఒకదానిమీద ఒకటి వచ్చేస్తున్నాయి. బాణలిలో వాయ నల్లబడుతోంది. పొగ వాసనకు అమ్మ ఉలిక్కిపడి అటు తిరగబోయింది.

మామ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "మాడితే మాడనీ అమ్మాయ్. నువ్వు చెప్పు."